కప్పు కింద క్రికెట్ బ్యాటు

నేను చెప్పేదాంట్లో సగం కొట్టేసి చదవండి. గోరంతను కొండంత చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

నిన్న హెండర్సన్‌లో ఓ ఇంటి గోడకు ప్లాస్టర్ పూస్తుంటే, ఆ తడి వాసనకు నా చిన్నప్పుడు మౌంట్ రాస్కిల్‌లో మా పక్కింట్లో ఉండే ఇరానీ అంకుల్ గుర్తొచ్చారు. ఆయన పెరట్లో తమ ఊరి పద్ధతిలో ఇటుకలతో ఓ కమాను కప్పు కడుతుండేవారు. డబుల్ డెక్కర్ బస్సు దూరేంత ఎత్తు! కింద ఒక్క కర్ర ఊతం లేదు. ఇటుకకు ప్లాస్టర్‌లా ఇట్టే గట్టిపడే తడి జిప్సం రాసి, వెనక వరుసకు వాల్చి, కాసేపు అరచేత్తో నొక్కితే అతుక్కుపోయేది.

“దాని కిందకెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా! కర్రలు పెట్టడమే మర్చిపోయాడు ఆ మహానుభావుడు,” అంది అమ్మ.

నాకు ఏడుపొచ్చింది. కప్పు కూలితే అంకుల్ చచ్చిపోతారు కదా! ఆయన టీకి వెళ్ళగానే, ఇసుక బకెట్‌లో నా బ్యాటు గుచ్చి కప్పు కింద నిలబెట్టాను.

“ఏంటిది?” అన్నారు వచ్చి.

“మీ మీద పడకుండా, అంకుల్.”

ఆయన నవ్వలేదు. బ్యాటును కదిపి చూశారు. “గట్టిగానే ఉంది. పనయ్యేదాకా ఉంచుకోనా?”

బస్సు సంగతి నా కల్పనే. అంకుల్ తల వంచుకునే లోపలికెళ్ళేవారు. అయినా నా బ్యాటుకూ ఆ కప్పుకూ మధ్య మూరెడు ఖాళీ ఉండేది. అది మాత్రం నిజం.