చిత్రిక పట్టక మునుపే పడిన ముద్ర

మా వీధి చివర కుర్చీలు చేసే ఇల్లొకటి ఉంది. ఆ ఇంటి కుర్చీకి అలవాటుపడినవారు మరొక చోట కూర్చుంటే నడుము సణుగుతుందని ఇక్కడివారు గొప్పగా చెప్పుకుంటారు. నేడు ఆ పనిశాలను నడిపేది కుర్చీల మేస్త్రీగారి కూతురు. న్యాయస్థానపు కాగితాల ప్రకారం ఆమె పదవ ఏట ఆయనకు కూతురైంది. తన మనసు ప్రకారం ముప్ఫయ్యవ ఏట. నడుమనున్న ఇరవై సంవత్సరాలూ ఆమె ఆ ఇంట్లో ఎలా మసలిందో తెలిస్తేనే ఆ రెండవ లెక్క విలువ తెలుస్తుంది.

అంతకు ముందు ఆమెను అనాథాశ్రమం నుంచి రెండు కుటుంబాలు తీసుకువెళ్ళాయి. రెండూ తిరిగి దింపి వెళ్ళాయి. మొదటివారింట అద్దాల బీరువా పగిలింది. రెండవవారికి సొంత బిడ్డ కలిగింది. మూడవసారి మేస్త్రీగారూ ఆయన భార్యా వచ్చారు. న్యాయమూర్తి ఎదుట సంతకాలు చేసి, ఇంటికి తెచ్చుకుని, కిటికీ పక్కన మంచమూ, గోడకు బట్టలు తగిలించుకునే కొయ్యా, బల్లకు సొరుగూ చూపించి, ఇవన్నీ నీవేనన్నారు. ఆమె ఆ సొరుగును ముట్టుకోలేదు. బట్టలన్నీ సంచీలో మడిచి మంచం కిందనే ఉంచుకునేది. చేతిలోని గిన్నె జారి పడితే మూడు రోజులు గొంతు పెగిలేది కాదు. 'అమ్మా' అన్న పిలుపు ఏ ఇంటి ఇల్లాలికైనా చెల్లుతుంది కాబట్టి అది సులువుగానే వచ్చింది. 'నాన్నా' అనడం మాత్రం చేతకాలేదు. పనివారందరితో పాటు తానూ "మేస్త్రీగారూ" అనే పిలిచేది. ఆయన ఒక్కనాడూ సవరించలేదు. అడిగి పిలిపించుకుంటే ఆ పిలుపులో పస ఉండదని ఆయన నమ్మకం.

ఆయన పనిశాలలో ఒక వింత పద్ధతి ఉండేది. తక్కిన చోట్ల కుర్చీ పూర్తయి, పరీక్షకు నిలిచిన తరువాత ఇంటి ముద్ర వేస్తారు. మేస్త్రీగారు అట్లా కాదు. కొయ్య దిగిన రోజుననే ముద్ర ఇనుమును ఎర్రగా కాల్చి, గరుకు పలకల మధ్య తిరిగి, తన మనసుకు పట్టినవాటిపై అక్కడికక్కడే ముద్ర వేసేవారు. ముద్ర పడిన పలకను అమ్మరు, పొయ్యిలో పెట్టరు. అది కుర్చీ అయి తీరవలసిందే. తరువాత ఎన్నాళ్ళకు విరిగినా ఆ ఇంటికే తిరిగి వచ్చి బాగుపడుతుంది.

అమ్మకాలు చూసే ఆయన తమ్ముడికి ఇది మింగుడుపడేది కాదు. "వంట కాకముందే రుచి అదిరిందంటావేమిటి అన్నయ్యా! రేపు చెక్క పుచ్చిపోతే ముద్ర పరువేం కాను?" అనేవాడు.

"నా పరువు నేను చూసుకుంటాలే. నువ్వు గిరాకీ సంగతి చూడు" అని ఆయన చెక్క నునుపు చేసే చిత్రిక అందుకునేవారు.

ఆ అమ్మాయి ఉలి పట్టింది, రంపం పట్టింది, అతుకులు బిగించడంలో పెద్ద పనివారిని మించింది. అయినా ముద్ర పడిన పలకను తనంతట తాను ఎన్నడూ తీసుకోలేదు. ఇతరుల కుర్చీలకు కాళ్ళూ చేతులూ చెక్కిపెట్టేది. తప్పులేని కుర్చీ ఒక్కటి చేస్తే, దానికి ముద్ర పడితే, ఆనాడు ఆయనను నాన్నా అని పిలిచే అర్హత వస్తుందని లోలోపల ఒక లెక్క వేసుకుంది.

విచిత్రమేమంటే, ప్రతి ఆదివారం ప్రార్థనా మందిరంలో పిల్లలకు పాఠం చెప్పేది ఆమే. దేవుడు మనలను దత్తత చేసుకున్నాడని, మన మంచితనం తూచి చూసి కాక తన ఇష్టం చొప్పుననే బిడ్డలుగా ఎంచుకున్నాడని, తండ్రీ అని పిలిచే చనువునూ తన ఇంటి వారసత్వాన్నీ కూడా ఇచ్చాడని చక్కగా బోధించేది. ఒక ఆదివారం గడియారాలు బాగుచేసే ఆయన కూతురు, ఏడేళ్ళ చిచ్చరపిడుగు, చెయ్యెత్తింది.

"అక్కా, తీసుకున్నాక మేం బాగా అల్లరి చేస్తే? మళ్ళీ వెనక్కి పంపించేస్తాడా?"

"పంపించడమ్మా."

"నీకెలా తెలుసు?"

"పాఠంలో ఉందిగా."

"పాఠంలో సరేలే అక్కా. నీకెలా తెలుసు?"

ఆమె ఆ పూట పాఠం త్వరగా ముగించింది.

ఆ నెలలోనే బోధకుడు కూర్చునే కుర్చీ కోసం మందిరం నుంచి కబురు వచ్చింది. తానొక్కతే చేస్తానని ఆమె ముందుకు వచ్చింది. "చెక్క ఎంచుకో" అని మేస్త్రీగారు ముద్ర వేసిన పలకల వైపు చూపారు. ముద్రను తన పనితోనే గెలుచుకోవాలని ఆమె వాటిని దాటి, ముద్ర లేని దొంతరలో గీతలు తిన్నగా ఉన్న నిర్దోషమైన పలకను తీసుకుంది. దాని అందం నచ్చిందనుకుని ఆయన ఊరుకున్నారు.

రెండు నెలలు చేసింది. అతుకుల నడుమ కాగితం దూరదు. చేతులు ఆనించే చోట నునుపు అద్దంతో పోటీపడింది. చూడవచ్చిన సంఘపెద్ద మురిసిపోయి, అలవాటు కొద్దీ కుర్చీని వంచి అడుగు చూశారు.

"ముద్ర లేదేమండీ?"

మేస్త్రీగారు అప్పుడు అక్కడ లేరు. తమ్ముడు తనకు తోచిన కారణం చెప్పాడు. "ముద్ర మా ఇంటివాళ్ళ పనికండీ. ఇది మా దగ్గర పనిచేసే అమ్మాయి చేసింది. అయినా సరుకు దివ్యంగా ఉంది, చూడండి."

దుంగల చాటున ఉన్న ఆమె ఆ మాట విన్నది. పొరుగూరి ఫ్యాక్టరీలో పని, ఉండడానికి గది ఇస్తామని అంతకు ముందే ఒకరు చెప్పి ఉన్నారు. ముద్ర అడుగుదాం, వెయ్యకపోతే వెళ్ళిపోదాం అని నిశ్చయించుకుని, మంచం కింది సంచీ తీసి గుమ్మం పక్కన పెట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కుర్చీని మేస్త్రీగారి ముందుకు జరిపింది. "మేస్త్రీగారూ, దీనికి ముద్ర వెయ్యండి."

ఆయన అరచేత్తో తడిమారు, కూర్చున్నారు, లేచారు. "వెయ్యను."

"తేడా ఎక్కడుందండీ?"

"తేడానా? నా చేత్తో నేనే ఇలాంటి అతుకు వెయ్యలేదు. కానీ పూర్తయినదానికి నేనెప్పుడైనా ముద్ర వేశానా? ఇరవై ఏళ్ళుగా చూస్తున్నావుగా."

ఆమె తల వంచుకుంది. "అయితే నేను వెళ్తానండీ. ఫ్యాక్టరీలో పనుంది."

వంటింట్లోంచి మేస్త్రీగారి భార్య గరిటెతో సహా వచ్చింది. "ఎక్కడికే వెళ్ళేది? ఆ సంచీ ఏంటి? ఏమండీ, ఏమన్నారు దాన్ని?"

"నేనేమన్లేదు."

"అదే మీతో వచ్చిన చిక్కు! ఎప్పుడూ ఏమీ అనరు. అనాల్సింది ఇవాళైనా అనండి!"

తమ్ముడు నసిగాడు. "పోనీలే వదినా, ఎంతైనా పరాయి..."

మేస్త్రీగారు మొదటిసారి గొంతు పెంచారు. "నోర్ముయ్యరా! దాన్ని పరాయిదనే హక్కు నాకే లేదు. జడ్జిగారి ముందు సంతకం పెట్టి ఆ హక్కు పోగొట్టుకున్నాను." ఆమె వైపు తిరిగారు. "సంతకం పెట్టిన రోజున నీకేం వచ్చమ్మా? చీపురు తిన్నగా పట్టడం వచ్చా?"

"రాదండీ."

"వారం తిరక్కుండా ఎన్ని పగలగొట్టావు?"

"ఏడు పింగాణీ గిన్నెలు" అంది భార్య. "ఎనిమిదోది నేనే పగలగొట్టి దాని మీదకి తోసేశాను. ఇప్పుడు చెప్తున్నా."

మేస్త్రీగారికి నవ్వు వచ్చింది గాని ఆపుకున్నారు. "నీ పనితనం చూసి నిన్ను తెచ్చుకోలేదే పిచ్చిపిల్లా. ముందే ముద్ర ఎందుకేస్తానో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగావా?"

"ఎందుకండీ?"

"తర్వాత నేను వెనకాడకుండా. ఒక్కసారి నా ముద్ర పడిందంటే ఆ చెక్క చీలినా, వంగినా, నేనే కూర్చుని బాగుచెయ్యాలి. అవతల పారెయ్యడానికి వీల్లేదు. దేవుడు మనల్ని అలాగే పట్టుకున్నాడని ఆదివారం నువ్వు చెప్తుంటే గుమ్మం దగ్గర నిలబడి వింటుంటాను. ఎంత బాగా చెప్తావే! నువ్వొక్కదానివే విననట్టున్నావు."

ఆయన ముద్ర పడిన దొంతరలోంచి ఒక పలక లాగి ఆమె బల్ల మీద వేశారు. నడిమధ్యన పిడికిలంత ముడి ఉన్న మొండి చెక్క. "చర్చికి ఇది వెళ్తుంది. ఆ అందమైన కుర్చీ మన ఇంట్లో ఉంటుంది. రోజూ నేనే కూర్చుంటాను."

"ఈ ముడి దగ్గర చీలితేనో?"

"చీలితే పిలువు" అని తన పని చోటుకు వెళ్ళిపోయారు.

ఆమె చిత్రిక పట్టింది. మొదటి పట్టుకు పొట్టు పలచగా లేచింది. రెండవదానికీ లేచింది. మూడవ పట్టులో ముడి దగ్గర టప్పుమని శబ్దమై, జానెడు పొడవున బీట విచ్చుకుంది. ఇరవై ఏళ్ళ అలవాటు ఆమె రెండు చేతులనూ ఆ బీట మీదికి లాగింది, ఎవరి కంటా పడకుండా కప్పుకోమని. గుమ్మం పక్క సంచీ కనిపిస్తూనే ఉంది. ఆమె చేతులు రెండూ తీసేసింది.

"నాన్నా! చీలింది!"

పనిశాలలో రంపాలు ఆగిపోయాయి. తమ్ముడు కూడా నోరు తెరిచి నిలబడ్డాడు. మేస్త్రీగారు లేచి రాబోయి, బంక గిన్నె అనుకుని మేకుల డబ్బా చేతబట్టుకుని వచ్చారు.

"ఎక్కడ తల్లీ?" అన్నారు, బీట వైపు చూడకుండానే.

వంటింట్లోంచి కేక వినవచ్చింది. "చీలితే చీలిందిలే గానీ, మళ్ళీ ఒకసారి పిలవ్వే! నాకు సరిగా వినబడలేదు!"

తండ్రీకూతుళ్ళిద్దరూ బీటలోకి బంక నింపి, పట్టు బిగించి, అడ్డంగా చిన్న కొయ్యబిళ్ళ పొదిగారు. కుర్చీ మందిరానికి చేరిన నాడు ఆ అతుకు వెనుక వరుసవారికి కూడా కనిపించింది. సంఘపెద్ద దానిని వంచి, అడుగున ముద్ర చూసి తల ఊపారు. మేస్త్రీగారు మాత్రం వచ్చిన ప్రతివారినీ చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి, ముద్రను చూపకుండా అతుకునే చూపించారు.

"ఇదిగో, ఇక్కడ చీలింది. చీలగానే నన్నే పిలిచింది మా అమ్మాయి" అని చెప్పుకున్నారు. మూడవసారి చెబుతుండగా ఆమె పక్కకు వచ్చి, "చాల్లే నాన్నా, అందరూ చూశారు" అంది.

"చూడనీవే" అని ఆయన నాలుగవవారి చెయ్యి పట్టుకున్నారు.