సున్నపు గీత మీద ఏసేపు

లారీకి బ్రేకులున్నాయో లేవో నడిపి చూస్తే తెలుస్తుంది. డోన్‌లో కొన్నేళ్ళపాటు ఆ సంగతి తేల్చడానికి ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఆ మనిషి పేరు ఏసేపు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు మొదలైన కథ ఇది. గుడారాల్లో కచేరీలు నడుస్తున్న ఊరికి ఒక్కసారిగా గోడలూ నేలలూ కావలసి వచ్చాయి. బేతంచెర్ల నాపరాళ్ళు డోన్ మీదుగా తెరిపి లేకుండా కర్నూలుకు పోయేవి. నాపరాయి గురించి చెప్పాలంటే చాలా ఉంది. ఈ సీమలో మనిషి దాని మీదే పుడతాడు, దాని మీదే తింటాడు, చివరికి దాని కిందికే పోతాడు. అది వదిలేద్దాం. నిన్నటిదాకా వేరుశనగ కొట్లో కూర్చున్నవాళ్ళు యుద్ధంలో అరిగిపోయిన లారీలు కొని, నుదుటి మీద దేవుడి పేరు రాయించి రోడ్డెక్కించారు.

అలాంటివాడే ఓబుళరెడ్డి. ఆయనకు రెండు లారీలు. ఒకటి మంచిది. రెండోది నాలుగైదుసార్లు తొక్కితే గానీ ఆగనిది. ఏటా బ్రేకు ఇన్‌స్పెక్టరుకు బండి చూపించి పత్రాలు ఖరారు చేయించుకోవాలి. రెడ్డి మంచి బండినే రెండుసార్లు చూపించేవాడు, రెండోసారి నంబరు పలక మార్చి. ఊరి బయట రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీసేవాళ్ళు. వేగంగా వచ్చిన లారీ ఆ గీత దాటకుండా ఆగాలి.

మొదటి ఇన్‌స్పెక్టరు నవ్వులాటల మనిషి. "నీ బండి మీద అంత నమ్మకముంటే గీత మీద నువ్వే కూర్చో రెడ్డీ," అన్నాడు.

"నేనేంటికి సార్, మావాడు కూచుంటాడు," అని రెడ్డి రాళ్ళెత్తే ఏసేపును పిలిచాడు.

ఏసేపు గీత మీద కాళ్ళు బారజాపుకొని కూర్చున్నాడు. లారీ మూరెడు ఇవతల ఆగింది. ఇన్‌స్పెక్టరు పకపక నవ్వి సంతకం పెట్టాడు. అప్పటినుంచి అది ఆచారమైపోయింది.

పూర్వం ఏదో దేశంలో వంతెన కట్టినవాణ్ణి దాని కింద నిలబెట్టి, పైన బరువు బండ్లు తోలేవాళ్ళని చదివాను. నిజమో కాదో తెలియదు. నిజమైతే ఆ దేశంవాళ్ళకు లోకజ్ఞానం తక్కువ. మన దగ్గర కట్టినవాడు వేరు, కింద నిలబడేవాడు వేరు.

ఏసేపుకు దక్కేది ఒక టీ, రెండు బీడీలు. అంతకంటే పెద్ద సంగతి, అతని గుడిసె రెడ్డి చేని గట్టున ఉండటం.

"కూచోమంటే కూచునేదానికి నువ్వేమన్నా వాళ్ళ కుక్కవా?" అనేది భార్య రాహేలమ్మ.

"మంచి బండేలే," అనేవాడు.

రెండేళ్ళకు ఇన్‌స్పెక్టరు మారాడు. కోస్తా నుంచి వచ్చిన సన్నటి మనిషి, ఎవరిచేతి కాఫీ ముట్టడు. అతను నంబరు పలక చూడలేదు. బండి కిందికి వంగి, చట్రం మీది రంగు గీకించి, అక్కడ కొట్టిన అంకెలు చదివి, పత్రంలోని అంకెలతో పోల్చాడు.

"ఇది ఆ బండి కాదు. దాన్ని తెప్పించు," అన్నాడు.

డ్రైవరు సుంకన్న పోయి రెండో లారీ తెచ్చాడు. ఆపాలనుకున్న చోటు దాటి చాలా దూరం పోయి ఆగింది. ఇన్‌స్పెక్టరు అది చూశాడు. తుమ్మచెట్టు కింద టీ తాగుతున్న ఏసేపును కూడా చూశాడు. ఇక్కడి ఆచారం అతని చెవిన పడే ఉంది.

"ఎప్పుడూ కూర్చునేవాడు ఈ రోజూ కూర్చోనీ. వాడు లేచాడంటే బ్రేకులు లేవని రాసుకుంటాను," అన్నాడు. ఏ మనిషైనా లేస్తాడనే అతని లెక్క.

రెడ్డి వచ్చి ఏసేపు చెవి దగ్గర వంగాడు. "లేస్తివా, ఈ పొద్దే గుడిసె పీకిస్తా. సుంకన్న ఎట్లో ఒకట్ల నిలుపుతాడులే."

"కాళ్ళన్నా ముడుచుకునేదా రెడ్డీ?"

"ఎప్పుడూ ఎట్లా కూచుంటావో అట్లనే కూచో. దొర చూస్తాండాడు."

రోడ్డుకు రెండు పక్కలా జనం చేరారు. లారీ బయలుదేరింది. సుంకన్న దూరం నుంచే హారను పిండుతూ, తల బయటపెట్టి "లెయ్ ఏసేపన్నా, లెయ్" అని అరుస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు కలం మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. ఏసేపు లేవలేదు. సుంకన్న ఆఖరున బండిని పక్కకు తిప్పాడు. తల తప్పింది, నడుము తప్పింది. కాళ్ళు తప్పలేదు.

"ఎందుకు లేవలేదురా నువ్వు?" అని ఇన్‌స్పెక్టరు అతన్నే తిట్టాడు. బండి పనికిరాదని రాసి వెళ్ళిపోయాడు. ఏసేపే వంకరగా కూర్చున్నాడని రెడ్డి అందరికీ చెప్పుకున్నాడు.

ఆసుపత్రిలో రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా తీసేశారు. ఏసేపు తిరిగి వచ్చేసరికి గుడిసె అలాగే ఉంది. రెడ్డి మాట మీద నిలబడే మనిషి, ఏసేపు లేవలేదు కదా. పైగా పాత బేరింగులు బిగించి ఒక చెక్కబండి కూడా చేయించి ఇచ్చాడు.

మళ్ళీ తనిఖీ వచ్చిన రోజు రెడ్డి మనుషులు ఏసేపును ఆ చెక్కబండి మీదే తెచ్చి గీత మీద దింపారు. ఇన్‌స్పెక్టరు ఆ కోస్తా మనిషే.

"ఏమిటిది?"

"బ్రేకులు బాగు చేయిస్తి సార్. అనుమానముంటే నడిపి చూడండి. ఈతూరి వాడు లేస్తాడేమోనని మీరు చూసే పని లేదు," అన్నాడు రెడ్డి.

ఇన్‌స్పెక్టరు ఏసేపు వంక ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు. చట్రం మీది అంకెలు కూడా చూడలేదు.

ఈ కబురు లారీలవాళ్ళందరికీ ఒక్క పూటలో పాకింది. ఏసేపు గీత మీద ఉంటే బండి నడపనక్కరలేదు. అతనికి గిరాకీ పెరిగింది. రాళ్ళెత్తినన్నాళ్ళూ 'రేయ్' అని పిలిచినవాళ్ళు 'ఏసేపప్పా' అనసాగారు.

ఒక శివరాత్రి ముందు, మహానందికి జనాన్ని తోలే లారీ ఒకటి అలాగే గట్టెక్కింది. ఎక్కబోయే జనం మూటలతో, పిల్లలతో అక్కడే కాచుకొని ఉన్నారు. రాహేలమ్మ ఏసేపును ఎత్తి చెక్కబండి మీద కూర్చోబెడుతూ అడిగింది.

"ఆ లారీకి బ్రేకులుండాయా?"

"ల్యావు. వచ్చినప్పుడు చూడ్లేదా, చక్రానికి రాయి అడ్డమేసి నిలిపిరి."

"తెలిసే కూచుంటివా?"

"దొర నా వంక చూడ్నే చూడలేడు. ఇంగ బండి నడిపిస్తాడా?"

"నీకేం కాలేదు, సరే. దాంట్లో పిల్లోళ్ళు ఎక్కుతాండారే."

ఏసేపు బీడీ ముట్టించుకున్నాడు. "నా కాళ్ళు పోయిన దినం ఈడ శానామంది నిలబడి చూస్తాండ్రి. ఒక్కరన్నా వచ్చి రెక్క పట్టుకొని లాగిరా?"

రాహేలమ్మ లారీ వైపు రెండడుగులు వేసింది.

"చెప్తే చెప్పు. రేపట్నుంచి మనల్ని ఎవరు పిలుస్తారో అది కూడా వాళ్ళనే అడుగు," అన్నాడు వెనకనుంచి.

ఆమె అక్కడే నిలబడిపోయింది. లారీలోంచి ఎవరో చెయ్యి చాపి ఒక ముసలమ్మను పైకి లాగారు. రాహేలమ్మ వెనక్కి వచ్చి చెక్కబండి తోసింది.

ఇంకొక లారీ యజమాని ఎదురొచ్చి, "ఏసేపప్పా, రేపు నా బండి ఉండాది, వస్తావా?" అని అడిగాడు.

"వస్తా. కింద గోనెపట్ట ఏయించు. నేల కాలుతాండాది."