అక్క చెప్పిన సాక్ష్యం

మా వైపు డాక్టరు ఏం చదివాడని ఎవరూ అడగరు. హస్తవాసి ఎలాంటిదని అడుగుతారు. చదువు ఎవరైనా చదువుకోవచ్చు, చేతి మహిమ మాత్రం పుట్టుకతో రావాలని నమ్మే జనం మాది. పామర్రు నుంచి కొంచెం లోపలికి వెళితే మా అక్క కాపురం చేసే ఊరు. ఆ చుట్టుపక్కల హస్తవాసి అంటే ఒక్క డాక్టరునే చెప్పేవాళ్ళు. మొదటి మాత్ర ఆయనే తన చేత్తో పేషెంటు అరచేతిలో పెట్టేవాడు. వాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని మింగేవాళ్ళు. అక్క కూడా అలా కళ్ళకద్దుకుంటుంటే నాకు నవ్వాగలేదు. అక్క కసిరింది.

"నీకన్నీ వేళాకోళమేనే! ఏసీ బ్యాంకులో కూర్చునేదానివి, నొప్పంటే నీకేం తెలుసు?"

నొప్పి నిజమే. పశువుల కొట్టంలో కాలు జారి పడి అక్క నడుములో డిస్కు పక్కకి జరిగింది. విజయవాడ తీసుకొచ్చి ఎముకల డాక్టరుకి చూపిస్తే, కొన్నాళ్ళు మంచం దిగొద్దు, తగ్గకపోతే ఆపరేషన్ అన్నాడు. ఆపరేషన్ మాట వింటేనే అక్కకి ముచ్చెమటలు. పైగా పాడి ఉన్న ఇల్లాలిని మంచం దిగొద్దంటే గేదెలు ఊరుకుంటాయా? బావ ఆమెను హస్తవాసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వారం తిరక్కుండానే "మీ అక్క కుడితి కలుపుతోంది, చూస్కో!" అని ఫోన్లో గొప్పగా చెప్పాడు. నేనూ సంతోషపడ్డాను. ఎందుకు పడను? అమ్మ పోయాక నాకు అమ్మయింది అక్కే.

కానీ రెండు నెలలకు తగ్గాల్సిన మాత్రలు, నొప్పి అన్నప్పుడల్లా ఆయన ఇంకోటి వేసుకోమంటుంటే, రోజుకి ఆరు దాకా పెరుగుతూ పోయాయి. ఏడాది తిరిగేసరికి అక్క అక్కలా లేదు. భవానీపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు మాట్లాడుతూ మాట్లాడుతూనే కునికేది. అన్నం సయించేది కాదు. మా ఆయన టీవీ సౌండు కాస్త పెంచితే కయ్యిమని లేచేది. ఒకసారి మాత్రలు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ళు పీకడం, ఒళ్ళంతా చెమట. జ్వరమేమో అని నుదురు పట్టి చూస్తే చల్లగా ఉంది.

"జ్వరం కాదే. నన్ను మా ఇంటికి పంపించెయ్యి, నీకు పుణ్యముంటుంది" అని పసిపిల్లలా ఏడ్చింది.

మా బ్యాంకులో ఖాతా ఉన్న ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్క పర్సులో దొరికిన ఖాళీ మాత్రల అట్ట చూసి ఆవిడ తల పట్టుకుంది.

"ఇది నడుం నొప్పి కాదండీ. మాత్ర పడక వచ్చిన బాధ. ఇది నల్లమందు జాతి మందు. నొప్పి మరీ ఎక్కువగా ఉన్నప్పుడు నాలుగు రోజులు వాడి ఆపేయాల్సింది, ఏడాదిగా వాడిస్తున్నారు. ఒక్కసారిగా ఆపకండి, మెల్లగా తగ్గించుకుంటూ మాన్పిద్దాం" అంది.

బయటికొచ్చాక అక్క మూతి తిప్పింది. "ఆవిడ చెయ్యి ఎంత చల్లగా ఉందో చూశావా? ఆ చేత్తో ఇస్తే తగ్గే రోగం కూడా తగ్గదు."

నాకు కోపం నెత్తికెక్కింది. ఆ ఆదివారమే బావని వెంటబెట్టుకుని హస్తవాసి డాక్టరు మీదకి వెళ్ళాను. వరండా నిండా జనం. ఊడ్పులకి వెళ్ళే ఆడవాళ్ళు, ఆటో డ్రైవర్లు, బస్తాలు మోసేవాళ్ళు, అందరి చేతుల్లోనూ అదే రంగు అట్టలు. నేను కేకలేస్తే ఆయన గొంతు పెంచలేదు. "కూర్చోండమ్మా. మీ అక్కయ్యగారు నడుస్తున్నారా లేదా? నొప్పితో మంచాన పడి ఏడవమంటారా?" అన్నాడు. బావ సిగ్గుతో నన్ను బయటికి లాక్కొచ్చాడు.

ఊరుకోలేదు. ఫిర్యాదు పెట్టాను. మందుల తనిఖీ చేసే అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, మత్తు మందుల చట్టం కింద షాపువాడినైతే పట్టుకోగలం. లెక్క తేలని సరుకుంటే మూయిస్తాం. రాసింది డాక్టరు గారు కదండీ. ఎక్కువ రాశారో తక్కువ రాశారో తేల్చాల్సింది డాక్టర్ల కమిటీ" అన్నాడు. క్లినిక్ కింద ఉన్న మందుల షాపు షట్టరు కొన్నాళ్ళు దించారు, మళ్ళీ ఎత్తారు. మాత్ర అమ్మినవాడికి ఒక చట్టం, రాసినవాడికి ఇంకో చట్టం! అయినా వదల్లేదు, కమిటీకీ రాశాను.

ఆ వేసవంతా అక్కని మా ఇంట్లోనే ఉంచుకున్నాను. లేడీ డాక్టరు చెప్పినట్టు మాత్ర కాస్త కాస్త తగ్గించాం. నరకం చూసింది పాపం, నన్ను తిట్టని తిట్టు లేదు. చివరికి ఒకరోజు గోంగూర పచ్చడి కలుపుకుని తిని, ఇంకొంచెం అన్నం పెట్టమంది. ఆనందంతో నాకు ఏడుపొచ్చేసింది. నడుం నొప్పి పూర్తిగా పోలేదు కానీ అక్క మళ్ళీ నా అక్క అయింది. కమిటీ వాళ్ళు పిలిచినప్పుడు "జరిగింది జరిగినట్టు చెప్తాలే, ఆ మాత్రం చెప్పలేనా?" అని ధైర్యంగానే బయల్దేరింది. ఆయన చీటీ మీద మందు పేరే తప్ప లెక్క రాయడు, అందుకని అంతా ఆమె నోటి మాట మీదే ఉంది. ఆయన దగ్గరికొచ్చే మిగతావాళ్ళెవరూ సాక్ష్యానికి రామన్నారు.

ఆ ఆఫీసు వరండాలో డాక్టరు కూడా కూర్చుని ఉన్నాడు. అక్కని చూసి లేచి వచ్చాడు. "ఏమ్మా, నడుం ఎట్లా ఉంది? గేదె ఈనిందా?" అని అడిగాడు. అక్క గభాలున లేచి నిలబడి కొంగు భుజం నిండా కప్పుకుంది.

లోపల ముగ్గురు పెద్ద డాక్టర్లు. రోజుకి ఎన్ని మాత్రలు వేసుకోమన్నారని అడిగారు.

"ఆయన రెండే వేసుకోమన్నారండీ" అంది అక్క తలొంచుకుని. "నేనే నొప్పి ఆగక ఎక్కువ మింగాను. ఆయన తప్పేం లేదండీ."

"అబద్ధం!" అని అరిచాను. నన్ను బయటికి వెళ్ళమన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నిలదీశాను. "నీకేమైనా మతి పోయిందా అక్కా? వాడిని ఎందుకు వెనకేసుకొచ్చావు?"

అక్క మెల్లగా అంది. "మా మావగారు తాగి తాగి పోయారు కదే. ఊళ్ళో మాది తాగుబోతు కొంప అనేవాళ్ళు. ఆ పేరు పోగొట్టడానికి నా వయసంతా అయిపోయింది. ఇప్పుడు ఆయన తప్పుగా రాశాడంటే నేనేమవుతాను? మత్తుకి మరిగినదాన్నవుతాను. ఆయన మంచి డాక్టరైతేనే కదే, నేను నొప్పి ఆగక నాలుగు ఎక్కువ మింగిన రోగిష్టిదాన్నయ్యేది?"

తిట్టలేక, ఓదార్చలేక ఆటో దిగేదాకా అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

కొన్నాళ్ళకి ఉత్తర్వు కాపీ పోస్టులో వచ్చింది. డాక్టరు ఇకమీదట ఇలాంటి మందుల విషయంలో జాగ్రత్త వహించాలట. అంతే, హెచ్చరిక. దాని కింద ఇంకో వాక్యం. రోగి డాక్టరు సలహా మీరి మాత్రలు అతిగా వాడి, వాటికి అలవాటు పడినట్టు స్వయంగా ఒప్పుకున్నారు. నేను ఆ కాగితం అక్కకి చూపించలేదు. చూపించకపోతే ఏం, డాక్టరుకీ ఒక కాపీ వెళ్ళిందిగా.

ఊడ్పుల కాలానికి అక్క ఊరికి వెళ్ళిపోయింది. పనిలో పడగానే నడుం మళ్ళీ పట్టేసింది. వద్దని ఫోన్లో మొత్తుకున్నా వినకుండా ఆయన దగ్గరికే వెళ్ళింది.

ఆ మర్నాడు పొద్దున్నే బస్సు దిగి మా గుమ్మంలో నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

"నాకు రాయనన్నాడే. 'మీరు మాత్రలకి అలవాటు పడ్డ మనిషని కమిటీయే తేల్చిందమ్మా, మీకు రాస్తే నా లైసెన్సు పోతుంది' అన్నాడు. వరండా నిండా జనం. మా అమ్మాయి అత్తగారు కూడా అక్కడే ఉంది." గ్లాసు కింద పెట్టింది. "నిజంగానే అట్లా రాశారా?"

"రాశారక్కా."

"నేను చెప్పిందే కదా రాశారు" అంది. మళ్ళీ తనే అందుకుంది.

"ఆ వదినగారికి మోకాళ్ళ నొప్పులటే. ఆయన తన చేత్తో ఆవిడ అరచేతిలో మాత్ర పెట్టాడు. రంగు చూసి గుర్తుపట్టాను. వద్దు వదినా, వేసుకోకండి అని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పక్కకి తిరిగి మింగేసింది. నా మాట ఇంకెవరు నమ్ముతారే?"