గేర్‌బాక్సులో దొరకని ముక్క

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వేసవిలో, దివిసీమలోని ఒక ప్రైవేటు ఐటీఐలో ట్రైనింగ్ ఆఫీసరుగా చేరాను. గుడివాడలో మూతపడిన రైసు మిల్లు నుంచి తెచ్చిన, ఇనుమును తిప్పుతూ చెక్కే పాత లేతు యంత్రం ఒకటి అక్కడి షెడ్డులో పడి ఉంది. లేతు పని నేర్చుకునే టర్నర్ బ్యాచ్ పరీక్షల నాటికి దాన్ని నడిపించడం నాకు అప్పగించిన మొదటి పని.

నాకు సాయం అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్ రత్నం గారు. హోదాలో నా కింద, వయసులో ఏడాది పెద్ద. ఆయన కూతురు మేరీ ఆ బ్యాచ్‌లోనే చదువుతోంది. పరీక్ష వాయిదా పడితే ఆమెకు ఖాయమైన అప్రెంటిస్ చోటు చేజారుతుంది.

హెడ్‌స్టాక్ అంటే లేతు వేగాలు మార్చే గేర్లుండే పెట్టె. దాని మూత విప్పి, నూనె గుడ్డలో వడగట్టి, అడుగంతా అయస్కాంతం తిప్పాం. ఒక గేరుకు పన్ను విరిగి ఉంది. రెండు ముక్కలు దొరికాయి. వాటిని విరిగిన చోట అమర్చి చూస్తే మూలన ఇంకా గోరంత వెలితి. ఆ ముక్క ఎక్కడా లేదు.

రత్నం గారు గుడివాడలో కొత్త గేరు చేయించుకొచ్చి, పరీక్ష ముందురోజు బిగించారు.

"ఇంక మూసేద్దామండీ మేడమ్ గారూ. ఆ ముక్క మిల్లులో ఉండగానే నూనెతో పాటు పోయుంటుంది."

"పోయిందని మనకెలా తెలుసండీ?"

"రేపు పిల్లకి పరీక్షండీ," అన్నారాయన, నా వైపు చూడకుండా.

ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి, పరీక్షాధికారి పొద్దున్నే దిగుతారని గుర్తుచేసి వెళ్లారు. యంత్రం నడపడానికి పనికొస్తుందని రాసివ్వాల్సింది మాత్రం నేనే.

క్లచ్ లివర్‌ను చేత్తో కదిపి చూశాను. మోటారు తిరుగుతున్నా, చెక్కాల్సిన కడ్డీని పట్టి తిప్పే చక్‌ను ఆపేది అదే పెట్టెలోని క్లచ్చే. లివర్ చక్‌ను ఆపే మధ్య స్థానానికి వచ్చింది గానీ, చివర మెత్తగా ఆగాల్సింది గట్టిగా తగిలింది. రెండోసారీ అంతే. క్లచ్ షాఫ్టు తీయమన్నాను. తీస్తే లేతు పరీక్షకు అందదని ఇద్దరికీ తెలుసు. రత్నం గారు స్పానరు అందుకున్నారు. ఒక్కొక్కటిగా నట్లు విప్పారు.

షాఫ్టు మీద జరిగే గొట్టం లాంటి స్లీవ్‌ను పక్కకు జరపగానే దాని వెనక, నల్లటి జిడ్డులో, ముక్క కనిపించింది. అది అడ్డుపడి క్లచ్ పూర్తిగా విడవడం లేదు. లివర్‌తో ఆపినా, నిలిచిన చక్ ఉన్నట్టుండి మళ్లీ తిరగొచ్చు. కొలత తీసుకోవడానికి విద్యార్థులు చెయ్యి పెట్టేది సరిగ్గా అప్పుడే.

రత్నం గారు ముక్కను అరచేతిలో తిప్పి చూసుకున్నారు. "మా పిల్ల చెయ్యే ఉండేదండీ అక్కడ," అన్నారు.

లేతు పరీక్షకు పనికిరాదని రాసిచ్చాను. బ్యాచ్ పరీక్ష వాయిదా పడింది. సాయంత్రం మేరీ వచ్చి, "ముక్క దొరికింది కదా మేడమ్, బిగించేయొచ్చు కదా?" అని అడిగింది. బిగించాక నడిపి చూసే వ్యవధి లేదన్నాను. ఆమెకు నా మాట నచ్చలేదు. ఆ అప్రెంటిస్ చోటు పోయింది. కొన్ని నెలలకు మచిలీపట్నంలో మరోచోట చేరింది.

పాత గేర్‌బాక్సు విప్పినవాళ్లు అరుగుదల ఎలాగూ కొలుస్తారు, అది చాలదు. విరిగిన లోహమంతా చేతికి వచ్చేదాకా మూత వేయకూడదు. దొరకని ముక్క లోపలే ఉందనుకుని వెతకాలి.