పడవ కింద పేపర్లు

నాచారంలో తుక్కు దుకాణం ముందు బోర్లా పడి ఉన్న అల్యూమినియం పడవను మా ఆయన ట్రాలీ ఆటోలో వేసుకుని ఉప్పల్‌లో మా వాకిట్లోకి తెచ్చిన రోజు నేను బట్టలు ఆరేస్తున్నాను. ఎవరో బోటింగు నడిపినవాళ్ళు పాతబడిపోయిందని తుక్కుకు వేశారట. అడుగంతా సొట్టలు. పక్కల నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. రేకులను బిగించే రివిట్లు సగం వదులైపోయి ఉన్నాయి. "ఇగ నేను బట్టలేడ ఆరెయ్యాలె?" అన్నాను. నా మొదటి బాధ అదే.

అప్పటికింకా నేను అత్తమ్మ మొహం గమనించలేదు. బియ్యం చాట పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. పడవను చూసింది, కొడుకును చూసింది, చాటతోనే లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మాది చేపలు పట్టేవాళ్ళ ఇల్లు. మా మామ ఊరి చెరువులో లారీ ట్యూబు మీద చెక్క కట్టుకుని వల వేసేవాడట. ఒక పొద్దున ట్యూబులో గాలి పోయింది. సూదిమొనంత బెజ్జం, ఎవరి కంటా పడలేదు. ఈత వచ్చిన మనిషే కానీ కాళ్ళకు వల చుట్టుకుంది. అప్పటికి మా ఆయన కొత్తగా బడికి పోతున్నాడు. అత్తమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఉప్పల్‌లో తమ్ముడింటికి వచ్చేసింది. ఇళ్ళల్లో పని చేసి పెంచింది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నాను: మార్కెట్లో చేప మొప్ప ఎత్తి చూసి నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేస్తుంది, పులుసు పెడితే వీధి చివరిదాకా వాసన. కానీ చెరువు మాట మాత్రం ఎవరినీ ఎత్తనివ్వదు.

మర్నాడు మా ఆయన వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాడు.

"అవ్వా, చెంగిచెర్ల దిక్కు చెరువుల మనోళ్ళున్నరు. ఐతారం ఐతారం జర నీళ్ళ మీదికి పోయొస్త. నాయిన ఏసినట్టు వల ఒక్కసారన్న ఏసి సూడాలని ఉన్నది."

"ఆ పొద్దు ట్యూబు గూడ మంచిగనే ఉన్నదన్నరు," అంది అత్తమ్మ.

ఆయన తల దించుకున్నాడు. ఆమే మళ్ళీ అంది. "మీ కంపెనీల గిన్నెలకు జేస్తరు గద, గట్లనే జెయ్యి. రాత్రంత నీళ్ళు నింపి పెట్టు. పొద్దుగాల కింద పేపరు తడిసిందా, నువ్వు పోవద్దు. ఎండుగుంటే పో."

మా ఆయన పని చేసేది నాచారంలో అల్యూమినియం గిన్నెలు చేసే కంపెనీలో. అక్కడ అతుకేసిన ప్రతి గిన్నెనూ నీళ్ళతో నింపి పాత పేపరు మీద పెడతారు. కారితే పేపరు మీద మచ్చ తేలుతుంది. అత్తమ్మ కొడుకు పని మాటలన్నీ అన్నం పెడుతూ విన్నదే. ఆ విన్నదంతా ఇప్పుడు ఇలా పనికొచ్చింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే కంపెనీ మూత, కంపెనీ మూత అంటే మా ఇంట్లో సుత్తి చప్పుడు. రంగు గీకాడు, సొట్టలు తీశాడు. వదులైన రివిట్లు ఊడదీసి కొత్తవి వేశాడు. రివిటు కొట్టడం ఒక్కరితో అయ్యే పని కాదు. నేను పడవ లోపల కూర్చుని ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటే ఆయన బయటి నుంచి కొట్టేవాడు. చెవులు గింగురుమనేవి. వంట చేసేటప్పుడు కూడా నా తలలో టంగ్ టంగ్ అనే మోగేది.

వారానికొకసారి, సాయంత్రం పూట పడవను ఇసుక బస్తాల మీదికి ఎక్కించి, కింద పేపర్లు పరిచి, బోరు పైపు పెట్టి మోకాలి లోతు నీళ్ళు నింపేవాళ్ళం. పైన టార్పాలిన్ కప్పేవాళ్ళం. పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూసి, "లోకమంత పడవను నీళ్ళల్ల ఏస్తరు, మీరేంది, నీళ్ళు తెచ్చి పడవల పోస్తున్రు!" అని పడీ పడీ నవ్వేది. ఆ నీళ్ళతోనే తెల్లారి బట్టలు ఉతికేసేదాన్ని. ఉత్తపుణ్యానికి పారబోస్తానా!

మొదట్లో పేపర్లన్నీ ముద్దయిపోయేవి. తర్వాత ఐదారు మచ్చలు. ఆ తర్వాత రెండు. చివరికి ఒక్కటే మిగిలింది, అరచేయంత. ఆ ఒక్కటి మాత్రం పోదే! ఒక వారం ముందు వైపు తేలుతుంది, ఇంకో వారం వెనక వైపు. అత్తమ్మ చీపురు పట్టుకుని వంగి చూసి, "కారుతున్నది బిడ్డా," అనేది. మా ఆయన మళ్ళీ సుత్తి తీసేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఈ పడవకు ఏం రోగమొచ్చిందని తిట్టుకునేదాన్ని.

ఒకరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చి బయటికొచ్చాను. మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది అత్తమ్మే. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లడం ఆమె పని. చల్లింది కూడా. ఆ తర్వాత బకెట్ పక్కన పెట్టుకుని పడవ దగ్గర గొంతుక్కూర్చుంది. నీళ్ళల్లో చెయ్యి ముంచి పడవ అడుగుకు మెత్తగా రాసింది, పసిపిల్లల వీపు రుద్దినట్టు. మళ్ళీ ముంచి, తడి అరచేతిని పేపరు మీద అద్దింది.

నేను చప్పుడు చేయకుండా లోపలికి వచ్చేశాను. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు రాలేదు. ఆమె భయం ఎంత పెద్దదో నాకు ఆ పొద్దు తెలిసింది.

చెప్పాలా వద్దా అని కొట్టుకులాడాను. చెబితే ఆమె పరువు పోతుంది, చెప్పకపోతే ఈయన కష్టం వృథా. ఆ రోజే నీళ్ళు తోడబోతే పడవ లోపల, నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో సరిగ్గా అక్కడ, మేకుతో గీసిన గీత కనిపించింది. నిన్న సాయంత్రం నింపినప్పుడు గీసిందన్నమాట, రాత్రంతా గడిచినా నీళ్ళు ఆ గీత దగ్గరే ఉన్నాయి. గీసింది ఎవరో అడగక్కర్లేదు. మా ఆయన్ని పక్కకు లాగాను.

"పడవ కారుతలేదని నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి ఎందుకు కొడ్తున్నవు?"

ఆయన సుత్తి పిడిని బొటనవేలితో రుద్దుతూ అన్నాడు. "అవ్వకింక జర టైమ్ గావాలె. కానియ్యి, నాకేం తొందర?"

ఈ మనిషినా నేను మొండివాడని ఇన్నాళ్ళూ తిట్టుకున్నది! ఆ రోజు నుంచి నేనూ నోరు మూసుకుని దిమ్మె పట్టాను. బాగున్న రివిటునే మళ్ళీ కొట్టేవాళ్ళం, మెల్లగా, దెబ్బ తగలకుండా. అయినా ఒకసారి సుత్తి జారి ఆయన బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడి, వేలు బూరెలా పొంగింది. అత్తమ్మ పసుపు పెట్టి గుడ్డ కట్టింది.

ఆ వారం కూడా నీళ్ళు నింపాం. తెల్లారి నేను లేచేసరికి అత్తమ్మ పడవ పక్కన కూర్చుని ఉంది. పక్కన నిండు బకెట్. చేతులు రెండూ ఒళ్ళో. చెయ్యి పొడిగా ఉంది, పేపర్లు పొడిగా ఉన్నాయి.

"వాని గోరు సూసినవా బిడ్డా?" అంది నా వైపు చూడకుండా. "మంచిగున్న పడవను ఇంకెన్ని దినాలు కొడ్తడు వాడు, నా కోసం?"

అంటే, ఆయన తెలిసే కొడుతున్నాడని ఆమెకూ తెలుసు. నేను పక్కన కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం, లోపల ఆయనకు వినపడకుండా.

"ఎండుగున్నదని చెప్పు," అంది.

ఆ ఆదివారం పడవను మళ్ళీ ట్రాలీ ఆటోలో ఎక్కించాం. అత్తమ్మ తానూ వస్తానంది. చెరువు గట్టున కూర్చుంటుందిలే అనుకున్నాను. కానీ ఆయన పడవను నీళ్ళల్లోకి నెట్టి ఎక్కగానే, ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళల్లోకి నడిచింది. మామ పోయిన తర్వాత ఆమె చెరువులో కాలు పెట్టడం అదే మొదలు. మోకాళ్ళ లోతుకు వెళ్ళి పడవ అంచు గట్టిగా పట్టుకుంది. ఆయన తెడ్డు వెయ్యలేదు. వదులు అనలేదు. ఆమె మొహం చూస్తూ అలాగే కూర్చున్నాడు.

ఎంతసేపటికో ఆమె ఒక చెయ్యి తీసి, నీళ్ళల్లో ముంచి, పడవ ముక్కు మీద చల్లింది, రోజూ పొద్దున్నే వాకిట్లో చల్లినట్టు. తర్వాత రెండో చెయ్యి కూడా వదిలింది.

"పో బిడ్డా," అంది. "పొద్దుగూకకముందే ఇంటికి రా."