పొయ్యి బాగుందని నేను చెప్పిన మాట

హుకుంపేట సంతలో ఇనప సామాన్ల కొట్టు పెట్టుకున్న మైదానం నుంచి వచ్చిన బాబు ఒకాయన, పొగ గొట్టంలోంచి బయటికి పోయే పొయ్యి ఒకటి చేయించాడు. ఊళ్లలో అమ్మే ముందు ఎవరింట్లోనైనా వాడి చూడాలన్నాడు. నేను పెట్టించుకుంటానన్నాను. కూలి లేదు, ఊరికే. రోజూ వండాలి, లోపం కనిపిస్తే సంతనాడు వెళ్లి ఆయనకు చెప్పాలి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, నోటితోనే చెప్పేదాన్ని.

గిన్నె కదిలిపోతోందన్నాను, అంచు పెంచాడు. కట్టె పట్టడం లేదన్నాను, నోరు వెడల్పు చేయించాడు. చదువు రాని ఆడదాని మాటకి కొట్టువాడు ఇనుము వంచుతున్నాడని నాకు గర్వం తలకెక్కింది. చలికాలం గడిచేసరికి మా ఊళ్లో ఏడెనిమిది ఇళ్లవాళ్లు కొన్నారు. ఏ అనుమానం వచ్చినా కొట్టుకు పోకుండా నా గుమ్మంలోకే వచ్చేవారు. “ఇనిస్పెక్టరమ్మ ఇంట్లో ఉందేటి?” అని వెక్కిరిస్తూనే అడిగేవారు. నేనూ తగ్గలేదు. “మేం బాగు సేయిత్తాంలే” అనేదాన్ని. ఆ ‘మేం’ ఎవరు? కొట్టు నాది కాదు, పొయ్యి నేను చేయలేదు. వండి చూసినదాన్ని, అంతే. చూసింది చూసినట్టు చెప్పి, మిగతాది కొట్టులో అడగమనాల్సింది.

మా కొండల్లో మొక్కజొన్న విత్తనం పొయ్యి మీదే ఉంటుంది. మంచి పొత్తులు ఏరి, తొక్కలతో జడలల్లి, దూలానికి వేలాడదీస్తాం. పొగ తగిలి నల్లబడిన పొత్తుకు పురుగు రాదు. ఎండలు ముదిరాక ఒకనాడు నా పొయ్యి చుట్టూ తెల్లటి పిండి రాలి ఉంది. పొత్తు దించి చూస్తే గింజలకు చిల్లులు. సంతనాడు కొట్టు బాబుకు చెప్పాను.

“నీ ఒక్క ఇంట్లోనే కదమ్మా? వచ్చే ఏటికి ఏదో ఆలోచిద్దాం. ఇప్పుడు ఎవరితోనూ అనకు, కొన్నవాళ్లు బెదిరిపోతారు,” అన్నాడు.

ఇంటికొచ్చి, మిగిలిన మంచి పొత్తులు మా అన్న ఇంటికి మోసుకుపోయి అతని పాత పొయ్యి మీద కట్టాను. నోరు మాత్రం విప్పలేదు.

మా అత్తగారి అక్క పై వీధిలో ఉండేది. ఆవిడకున్నది కొండవాలున ఒక్క చెక్క భూమి, అందులో ఎర్ర మొక్కజొన్న. ఆ విత్తనం వాళ్లమ్మ ఇచ్చింది, ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. చలికాలంలోనే నా మాట మీద పొయ్యి కొంది. నేను పొత్తులు మోసుకుపోయిన వారమే వచ్చి అడిగింది.

“ఒలే కోడలా, పొగే నేకపోతే నా ఇత్తనం ఏటవుద్దే? పురుగట్టదేటి?”

“అదంతా బాబు సూసుకున్నాడత్తా. బయ్యం నేదు.”

“నువ్వు సూసినావా?”

“సూసినాను గదా అంటే!”

తొలకరి పడింది. అత్త పొత్తులు దించి, గింజలు ఒలిచి, నీళ్ల కుండలో పోసింది. మంచి గింజ మునుగుతుంది, పురుగు తిన్నది తేలుతుంది. దోసిళ్లకు దోసిళ్లు తేలాయి. నన్ను కేకేసింది.

“నీకూ ఇలగే అయిందేటి?”

“అయింది.”

“ఎప్పుడు సూసినావు?”

“నెల దాటింది.”

“మరి నీ ఇత్తనం?”

“అన్న ఇంట్లో పొగ మీదుంది.”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “నెల ముందర సెప్పుంటే పొగ పొయ్యికి నాకు మాత్రం మూడు రాళ్లు దొరకవేటే?” అంది, తేలిన గింజలు తీసి కోళ్లకు వేస్తూ. నా విత్తనంలో సగం ఇస్తానన్నాను. “తెల్లది నాకెందుకు? ఒగ్గెయ్,” అంది.

అడుగున మునిగినవి గుప్పెడు. అవే నాటుకుంది. ఎడంగా మొలిచిన ఆ నాలుగు మొక్కల పొత్తులనూ చిలకలు వదల్లేదు.

కొట్టు బాబు అనొద్దన్నాడని చాలా ఏళ్లు అందరికీ చెప్పుకు తిరిగాను. ముసలితనంలో పెద్దల బడికి పోయి రాయడం నేర్చుకున్నాను కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నోరు కట్టెయ్యడానికి ఆయన నాకు జీతమేమీ ఇవ్వలేదు. నేనే మూసుకున్నాను.

అత్త గొట్టం పీకించి, మళ్లీ మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుంది. పొగ బాగానే వచ్చేది. ఆ ఏడు దాని మీద కట్టడానికి ఆవిడ దగ్గర ఒక్క పొత్తూ లేదు.