మూడు డాలర్లు కట్టని క్వెక్ అంకుల్

క్వెక్ బూన్ సియాంగ్ అంకుల్ ప్రాణమైనా ఇస్తాడు గానీ మూడు డాలర్లు ఇవ్వడు. అన్ని మూడు డాలర్లూ కాదు. పొద్దున్న ఏడున్నర దాటాక సింగపూర్ నడిబొడ్డుకి కారు తీసుకెళ్ళాలంటే కట్టమన్నారు చూడండి, ఆ మూడు డాలర్లు.

డెబ్భై అయిదులో ఆ రూల్ రాగానే మా తోపాయో పేటలో చాలామంది కార్లకి గుడ్డలు కప్పేసి బస్సులకి ఎగబడ్డారు. బస్సులో ఒంటికాలి మీద నిలబడటానికి కూడా పోటీ. అంకుల్ మాత్రం ఆ రూల్ అంతా చదివి, కారులో నలుగురుంటే పైసా కట్టక్కర్లేదని కనిపెట్టాడు. పేపర్లో అది పెద్దక్షరాల్లోనే వేశారు. అయినా కనిపెట్టింది తనేనంటాడు.

మర్నాటినుంచీ బస్టాపులో మనుషుల వేట మొదలైంది. ఆ వేటలో చిక్కిన మొదటి జంతువుని నేనే.

"ఒరేయ్ అబ్బాయ్, నీ పేరేంట్రా?"

"జైనల్ అంకుల్. షిప్పింగ్ కంపెనీలో గుమస్తాని. ఇంకోసారి ఆలస్యమైతే ఉద్యోగం ఊడుతుందన్నారు."

"నీ సోది ఎవడడిగాడు? ఎక్కు!"

రెండో సీటు రోజీ ఆంటీది. హై స్ట్రీట్లో దర్జీ దుకాణంలో గుండీలు కుడుతుంది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. మూడో సీటు ఆ పూట ఎవరు దొరికితే వాళ్ళది.

ఒకరోజు ఆ మూడో ఆసామి గుర్రుపెట్టి నిద్రపోతూ సీటు కిందికి జారిపోయాడు. నడిబొడ్డు మొదలయ్యేచోట రోడ్డు మీదుగా ఎత్తున కట్టిన పెద్ద బోర్డు దగ్గర గార్డు మా వైపు చూసి, ముగ్గురే కనబడేసరికి కారు నంబరు రాసుకోబోయాడు. అక్కడ కార్లెవరూ ఆపరు. అంకుల్ ఆపాడు. వెనక హారన్లు మోగుతుంటే దిగి, ఆ నిద్రమొహాన్ని కాలరు పట్టుకుని పైకి లేపాడు.

"లేవయ్యా! గవర్నమెంటు నిన్ను లెక్కపెట్టుకోవాలట!"

నాకు మాత్రం రోజురోజుకీ గర్వం పెరిగిపోయింది. నేను ఎక్కబట్టే కదా ఈ ముసలాయనకి మూడు డాలర్లు మిగులుతున్నాయి! అందుకని ఆలస్యంగా వచ్చేవాణ్ణి. ముందు సీటు కావాలనేవాణ్ణి. అద్దం దించమనేవాణ్ణి. "నా లాంటివాడు దొరకడం మీ అదృష్టం అంకుల్" అని ఒకసారి అన్నాను కూడా. రోజీ ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంది. నా మాటలకి మురిసిపోతోందనుకున్నాను.

ఒక శుక్రవారం దిగే హడావిడిలో నా సంచి అనుకుని అంకుల్ సంచి పట్టుకొచ్చేశాను. లోపల ఆయన చదువుకునే కళ్ళద్దాలున్నాయి. అవి లేకపోతే పాపం ఆఫీసులో ఒక్క అక్షరం చదవలేడు. మధ్యాహ్నం భోజనం మానుకుని నడిబొడ్డునే ఉన్న సెసిల్ స్ట్రీట్లో ఆయన కంపెనీ వెతుక్కుంటూ వెళ్ళాను. ఇంత త్యాగం చేస్తున్నందుకు నా కళ్ళు నాకే చెమర్చాయి.

వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ కంపెనీయా? ఇక్కడికి కార్లు రావడం ఖర్చని అయిదు నెలల క్రితమే ఖాళీ చేసింది. ఇప్పుడు తోపాయోలో ఉంది."

తోపాయోలోనా! అంకుల్ ఇంటినుంచి చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళినా పది నిమిషాలు. అంటే అయిదు నెలలుగా ఈయన మమ్మల్ని ఇక్కడ దింపి, ఒంటరిగా వెనక్కి వెళ్ళి ఉద్యోగం చేసుకుంటున్నాడు. ముందు సీటు కోసం దెబ్బలాడిన ఘనుణ్ణి నేను.

సాయంత్రం అంకుల్ ఇంటికెళ్ళి సంచి చేతికిచ్చి నిలదీశాను. "ఎందుకంకుల్ ఇదంతా?"

ముందు దబాయించాడు. "నా కారు, నా పెట్రోలు, నీకెందుకురా?" తర్వాత సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తలొంచుకుని గొణిగాడు. "రోజీ ఆ బస్సులో నిలబడగలదా? అయినా మొదటిరోజే ఉద్యోగం ఊడుతుందని ఏడ్చింది ఎవడు? నేనా?"

"ఆంటీకి తెలుసా?"

"నీకు తప్ప అందరికీ తెలుసు."

మర్నాడు పావుగంట ముందే వెళ్ళి బస్టాపులో నిలబడ్డాను. రోజీ ఆంటీని ఎక్కించుకుని అంకుల్ కారు వచ్చింది. నన్ను చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"రోజీ, టైమెంతైంది? నా గడియారం ఆగిపోయినట్టుంది" అన్నాడు.